గ్రహణం పూట పుట్టిన గుర్రం, దాని యజమానులు

రథసప్తమి సంచికలో అరసవల్లి సూర్యనారాయణస్వామి రథానికి కట్టిన ఏడు గుర్రాల గురించి రాస్తూ, ఇంగ్లండులో సూర్యగ్రహణం నాడు పుట్టి ఆ పేరే పెట్టించుకున్న ఎక్లిప్స్ అనే పందెపు గుర్రం ఒకటి ఉండేదని ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. వ్యాసమంతా వదిలేసి ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు వచ్చాయి. పశువుల వైద్యం, మేత, పాల దిగుబడి వంటి ప్రశ్నలకు జవాబులు చెప్పడం ఈ శీర్షిక పని అయినా, గుర్రం కూడా పశువే కనుక ఈ నెల పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఆవుల గర్భకోశ వ్యాధుల గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: గ్రహణం నాడు పుట్టిన జీవికి అదే పేరు పెట్టడం నిజంగా జరిగిందా? మన వైపు అయితే శాంతి చేయించి, ఆ సంగతి నలుగురికీ తెలియకుండా దాచేవారు కదా. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

జవాబు: నిజంగానే జరిగింది మాస్టారూ. 1764 ఏప్రిల్ 1న ఇంగ్లండులో సూర్యగ్రహణం కనిపించింది. ఆ గ్రహణం పేరే విండ్సర్ దగ్గర క్రాన్‌బోర్న్ లాడ్జిలో స్పిలెట్టా అనే ఆడగుర్రం ఈనిన పిల్లకు స్థిరపడింది. రాగి రంగు ఒళ్లు, ముఖం మీద తెల్ల చార, వెనక కుడికాలికి మోకాలి కింద నుంచి తెలుపు ఆ పిల్ల గుర్తులు. మన జిల్లాల్లో గ్రహణం పూట చూడి పశువును కొట్టం దాటనివ్వని ఇళ్లు నాకు ఇప్పటికీ తెలుసు. వైద్యుడిగా ఆ భయానికి ఆధారం లేదని ఎన్నోసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ మర్యాదగా విని, పశువును మాత్రం లోపలే కట్టేసుకున్నారు. ఆ గుర్రాన్ని పుట్టించిన ఆసామికి ఇటువంటి పట్టింపులు ఉన్నట్టు కనబడదు. ఆయన రెండవ జార్జి రాజు కుమారుడైన కంబర్లాండ్ డ్యూక్. 1746లో కలోడెన్ యుద్ధంలో స్కాట్లండు తిరుగుబాటుదారులను అణచిన తీరుకు ‘కసాయి’ అనే బిరుదు తెచ్చుకున్నవాడు. యుద్ధాల్లో ఆయనకు మిగిలిన పేరు మంచిది కాకపోయినా, గుర్రాల పెంపకంలో మాత్రం ఆయన కన్ను గొప్పదని ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే ఎక్లిప్స్ ఒక్కటే కాక, 1758లో పుట్టిన హెరాడ్ అనే మరో మహా గుర్రం కూడా ఆయన లాయం నుంచి వచ్చినదే.

అయితే ఎక్లిప్స్ పరుగెత్తడం డ్యూక్ చూడలేదు. 1765 అక్టోబరులో ఆయన చనిపోయాడు. కాలం అందడానికి చెబుతున్నాను: అదే సంవత్సరం ఆగస్టులో ఢిల్లీ బాదుషా ఫర్మానాతో మన ఉత్తర సర్కారులు కంపెనీవారి పేరిట రాయబడ్డాయి. అక్కడ డ్యూక్ లాయంలోని గుర్రాలన్నిటినీ వేలం వేశారు. ఏడాదిన్నర వయసున్న ఈ పిల్లను స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతలో వ్యాపారం చేసే విలియం వైల్డ్‌మన్ అనే ఆయన 75 గినీలకు కొన్నాడు. గినీ అంటే ఒక పౌను మీద ఒక షిల్లింగు. వైల్డ్‌మన్ చేరేసరికి వేలం మొదలైపోయిందని, తన గడియారం చూపించి వేళకు ముందే పాట పెట్టారని పేచీ పెట్టి మళ్లీ పాడించాడని ఒక కథ ఉంది. మన సంతల్లో కోడెదూడల బేరాలు చూసినవారికి ఈ కథను నమ్మడం కష్టం కాదు.

ప్రశ్న: ‘ఎక్లిప్స్ మొదట, మిగతావి ఎక్కడా లేవు’ అనే మాట ఇంగ్లీషువారి సామెత అని మా నాన్నగారు అనేవారు. ఎక్కడా లేకపోవడం అంటే ఏమిటి? గుర్రాలు మైదానంలోనే ఉంటాయి కదా? (ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: ఈ మాటకు గొప్పలు చెప్పుకోవడమే అర్థమనుకునేవారు చాలామంది. మీరు అసలు చోట వేలు పెట్టారు. ఇది పందెం వేసేవాడు పలికిన మాట, అందులోని ప్రతి పదానికీ డబ్బు లెక్క ఉంది.

అప్పటి పందేలు ఇప్పుడు మనం మలక్‌పేటలోనో గిండీలోనో చూసేటటువంటి, రెండు నిమిషాల్లో ముగిసే పరుగులు కావు. ఎక్కువ పందేల్లో గుర్రం ఒక్కో విడతకు నాలుగు మైళ్లు, అంటే ఆరున్నర కిలోమీటర్ల దాకా పరుగెత్తాలి. కాసేపు ఒళ్లు రుద్ది, ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ అదే దూరం పరుగెత్తించేవారు. రెండు విడతలు గెలిచినదే విజేత. దానికి తోడు రాజుగారి పేరిట పెట్టే ‘కింగ్స్ ప్లేట్’ పందేల్లో 12 స్టోన్, అంటే సుమారు 76 కిలోల బరువు మోయాలి. ఇప్పటి రౌతులు ముప్పావు వంతు బరువుతో గుర్రమెక్కడానికే కడుపు మాడ్చుకుంటారు. ఇంత శ్రమకు లేత గుర్రం తట్టుకోలేదు కనుక, ఎక్లిప్స్‌ను అయిదేళ్లు నిండే దాకా మైదానంలోకి దింపలేదు. రెండేళ్ల పిల్లలను పరుగెత్తించే ఇప్పటి పద్ధతి కంటే ఎముక గట్టిపడే దాకా ఆగిన ఆ పద్ధతే నాకు నచ్చుతుంది.

ఇక ఆ మాట సంగతి. గెలుపు గీతకు 240 గజాల ముందు, అంటే సుమారు 220 మీటర్ల దూరంలో, ఒక గుంజ పాతి ఉండేది. మొదటి గుర్రం గీత దాటే వేళకు ఆ గుంజ దాకా రాలేకపోయిన గుర్రం ఆ పందెంలో లేనట్టే. దానికి స్థానం ఉండదు, తరువాతి విడతలో పరుగెత్తే హక్కూ ఉండదు. ‘ఎక్కడా లేదు’ అంటే అది.

1769 మే 3న ఎప్సమ్‌లో 50 పౌన్ల పందెంలో ఎక్లిప్స్ మొదటిసారి పరుగెత్తింది. అంతకుముందే దాన్ని రహస్యంగా పరుగెత్తించి చూశారు. ఆ సంగతి పసిగట్టి చూడబోయిన పందెగాళ్లు ఆలస్యంగా చేరి, దారిలో కనబడిన ఒక ముసలమ్మను అడిగితే, తెల్లకాలు గుర్రం ఒకటి భయంకరమైన వేగంతో పారిపోతూ ఉంటే వెనకాల చాలా దూరంలో మరొకటి తరుముకుంటూ పోయిందని, భూమి అంచు దాకా పోయినా అది దీన్ని పట్టుకోలేదని ఆమె చెప్పిందట. ఎప్సమ్‌లో మొదటి విడత ఎక్లిప్స్ ఆడుతూ పాడుతూ గెలిచింది. అప్పుడు డెన్నిస్ ఓకెల్లీ అనే ఐరిష్ వ్యక్తి, రెండో విడతలో గుర్రాలు ఏ వరుసలో వస్తాయో ముందే చెబుతానని పందెం కట్టి, ఎక్లిప్స్ మొదట, మిగతావి ఎక్కడా లేవు అన్నాడు. ఆ విడతలో ఎక్లిప్స్ గీత దాటేసరికి మిగిలిన ఏ గుర్రమూ ఆ గుంజను చేరలేదు. ఓకెల్లీ మొదటి స్థానం ఒక్కటే చెప్పి, రెండు, మూడు స్థానాలే లేవని తేల్చడంలో ఉన్న తెలివి చూడండి. అతనిది వట్టి ధైర్యం కాదు, నియమావళిని క్షుణ్ణంగా చదివిన ప్లీడరు బుర్ర.

ఆ రోజు నుంచి 1770 చివరి దాకా ఎక్లిప్స్ 18 పందేల్లో పాల్గొని అన్నీ గెలిచింది. వాటిలో 11 కింగ్స్ ప్లేట్లు. పోటీకి మరో గుర్రాన్ని తెచ్చేవారు లేక, ఒంటరిగా మైదానం చుట్టి బహుమతి అందుకున్న సందర్భాలు కూడా వాటిలో ఉన్నాయి. దానికి కాస్తయినా ఎదురు నిలిచినది అప్పటికి ఓటమి ఎరుగని బుసిఫలస్ అనే గుర్రం. 1770 ఏప్రిల్‌లో న్యూమార్కెట్‌లో అది కొంత దూరం పక్కపక్కనే వచ్చి, తరువాత వెనకబడిపోయింది. ఎక్లిప్స్‌కు కొరడా దెబ్బ తగిలిందే లేదని చెబుతారు. దాని మీద కూర్చున్న రౌతుల్లో జాన్ ఓక్లీ పేరు ముందు వినిపిస్తుంది, కాని యజమానుల గురించి పుస్తకాలు నిండిన చోట రౌతుల గురించి నాలుగు వాక్యాలు కూడా మిగలలేదు.

ప్రశ్న: ఆ కాలపు గుర్రపు పందేల ధనికులు మన జమీందారుల వంటివారేనా? డబ్బున్నవారంతా అందులో చేరగలిగేవారా? (ఒక పాఠకురాలు, రాజాం)

జవాబు: అమ్మా, ఎక్లిప్స్ చేతులు మారిన క్రమాన్ని చూస్తే మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది. మొదట రాజకుమారుడు, తరువాత మాంసపు పశువుల వ్యాపారి, ఆ తరువాత జూదరి. కసాయి అని తిట్టించుకున్న ప్రభువు గుర్రం చివరికి కసాయివాళ్ల సంతకే చేరిందని అప్పట్లో ఎవరైనా నవ్వుకున్నారో లేదో!

వైల్డ్‌మన్ తెలివైన వ్యాపారి. గుర్రం గెలవడం మొదలుపెట్టగానే, దాని తండ్రి మార్స్క్ ఎక్కడుందో వెతికించాడు. డ్యూక్ లాయం వేలంలో ఆ ముసలి గుర్రం గ్రామీణ ప్రాంతంలో ఎవరికో కారుచవకగా పోయింది. దాన్ని 20 గినీలకు తెచ్చుకుని, కొడుకు పేరు మోగిన తరువాత అబింగ్‌డన్ ఎర్ల్ అనే ప్రభువుకు 1000 గినీలకు అమ్మాడు. గెలిచే గుర్రం కన్నా దాన్ని పుట్టించిన గుర్రం మీద ఎక్కువ లాభం ఉంటుందని అందరికంటే ముందు లెక్క వేసుకున్నది అతనేనేమో. జార్జి స్టబ్స్ అనే గొప్ప చిత్రకారుడి చేత ఎక్లిప్స్ బొమ్మ వేయించుకున్నదీ అతనే.

ఓకెల్లీ కథ వేరు. ఐర్లండు నుంచి చేతిలో ఏమీ లేకుండా లండన్ వచ్చి, పల్లకీలు మోసి బతికాడని అంటారు. అప్పులు తీర్చలేక జైలులో ఉన్నాడు. అక్కడే షార్లెట్ హేస్ అనే ఆమెతో పరిచయమైంది. ఆమె లండన్‌లో ధనవంతులు వచ్చిపోయే వేశ్యాగృహాలు నడిపి డబ్బు గడించింది. ఇద్దరూ జీవితాంతం కలిసి ఉన్నారు. ఎప్సమ్ పందెం తరువాత ఓకెల్లీ ఎక్లిప్స్‌లో సగం వాటా 650 గినీలకు, మిగతా సగం 1100 గినీలకు కొన్నాడు. 75 గినీల పిల్ల విలువ అయిదేళ్లలో 1750 గినీలైంది. అయినా లాభం కొన్నవాడిదే. ఎప్సమ్ దగ్గర క్లే హిల్‌లో గుర్రపుశాల కట్టి, దేశంలోని ప్రభువులంతా తమ ఆడగుర్రాలను రుసుము కట్టి అక్కడికి తోలుకొచ్చేటట్టు చేసుకున్నాడు. 1781లో ఎక్లిప్స్ కొడుకు యంగ్ ఎక్లిప్స్, 1784లో మరో కొడుకు సార్జెంట్ అతని పేరు మీదనే ఎప్సమ్ డెర్బీ అనే పెద్ద పందెం గెలిచాయి. మిలీషియా అనే ప్రాంతీయ సైన్యంలో హోదా కొనుక్కుని కర్నల్ అనిపించుకున్నాడు. కీర్తనలు ఈలవేసి పాడే రామచిలుకను పెంచాడు.

ఇన్ని కొన్నవాడు కొనలేకపోయినది ఒకటుంది. 1750 ప్రాంతంలో ప్రభువులు, పెద్దమనుషులు కలిసి జాకీ క్లబ్ అనే సంఘం పెట్టుకున్నారు. పేరులో జాకీ ఉన్నా అందులో గుర్రమెక్కి బతికే రౌతులకు చోటు లేదు. న్యూమార్కెట్ మైదానం, నియమాలు, తగవుల తీర్పులు క్రమంగా ఆ క్లబ్బు చేతిలోకి వచ్చాయి. దేశంలోకెల్లా గొప్ప గుర్రానికి యజమాని అయిన ఓకెల్లీని వారు చచ్చేదాకా సభ్యుడిగా చేర్చుకోలేదు. అతని గుర్రం దగ్గరకు తమ ఆడగుర్రాలను పంపడానికి అడ్డురాని పరువు, పక్కన కుర్చీ వేయడానికి అడ్డొచ్చింది.

ఆ క్లబ్బు కింది వారి మీదనే జులుం చేసిందని చెబితే మాత్రం న్యాయం కాదు. 1791 అక్టోబరులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే తరువాత నాలుగవ జార్జి రాజైన ఆయన, గుర్రం ఎస్కేప్ న్యూమార్కెట్‌లో ఒకరోజు చిత్తుగా ఓడిపోయి, మరునాడు ఎక్కువ దూరపు పందెంలో తేలికగా గెలిచింది. రెండో రోజున దాని మీద కాస్తే వచ్చే సొమ్ము బాగా పెరిగి ఉండడంతో, మొదటి రోజు కావాలనే ఆపారని అనుమానం పుట్టింది. క్లబ్బు పెద్ద సర్ చార్లెస్ బన్‌బరీ యువరాజునే పిలిచి, శామ్ చిఫ్నీ అనే ఆ రౌతును మళ్లీ గుర్రమెక్కిస్తే ఏ పెద్దమనిషీ మీతో పోటీకి గుర్రాన్ని దింపడని చెప్పేశాడు. యువరాజు రౌతును వదులుకోలేదు. అతనికి ఏడాదికి 200 గినీల భత్యం ఏర్పాటు చేసి, న్యూమార్కెట్‌నే వదిలి వెళ్లిపోయాడు. ఆ తీర్పు సరైనదా అన్నదాని మీద వాదన ఇంకా ఉంది. మొదటి రోజు గుర్రానికి తగినంత తయారీ లేకపోవడమే కారణమని చిఫ్నీ చివరి దాకా అన్నాడు. గుర్రం ఒకరోజు పరుగెత్తి మరునాడు మొండికేయడం చూసిన నాకు ఆ మాటను పూర్తిగా కొట్టివేయాలని అనిపించదు.

ప్రశ్న: ప్రపంచంలోని పందెపు గుర్రాలన్నీ ఒకే గుర్రం సంతానమని చదివాను. ఇది ఎలా సాధ్యం? (ఇంటర్మీడియట్ విద్యార్థి, పాలకొండ)

జవాబు: బాబూ, దీన్ని గోత్రంతో పోల్చి చూస్తే తేలికగా అర్థమవుతుంది. మన గోత్రం తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. జీవశాస్త్రంలో నువ్వు చదివే వై క్రోమోజోము కూడా అలాగే తండ్రి నుంచి కొడుకుకే పోతుంది. ఆ లెక్కన చూస్తే నేటి థరోబ్రెడ్, అంటే పందేల కోసం పెంచే మేలుజాతి, మగగుర్రాల్లో నూటికి 95 దాకా ఎక్లిప్స్ ‘గోత్రం’వే. మిగిలిన కొద్దివి మరి రెండు గోత్రాలవి.

మూడు గోత్రాలకూ మూలపురుషులు తూర్పు దేశాల నుంచి ఇంగ్లండుకు వచ్చిన గుర్రాలు. బయర్లీ టర్క్ అనేది కెప్టెన్ రాబర్ట్ బయర్లీ యుద్ధాశ్వం, 1690లో ఐర్లండులో బోయిన్ యుద్ధంలో ఆయనను మోసింది. డార్లీ అరేబియన్‌ను థామస్ డార్లీ అనే వర్తకుడు ఇప్పటి సిరియాలోని అలెప్పోలో సంపాదించి 1704లో యార్క్‌షైరులోని తన ఇంటికి పంపాడు. మూడోది గొడాల్ఫిన్ అరేబియన్, 1730 ప్రాంతంలో ఫ్రాన్స్ మీదుగా వచ్చింది. వీటి పేరు పందేల్లో గెలిచి వచ్చినది కాదు, పిల్లల వల్ల నిలిచినది. డార్లీ అరేబియన్ కొడుకు బార్ట్‌లెట్స్ చిల్డర్స్, దాని కొడుకు స్క్వర్ట్, దాని కొడుకు మార్స్క్, దాని కొడుకు ఎక్లిప్స్. తల్లి స్పిలెట్టా వైపు చూస్తే ఆమె తండ్రి రెగ్యులస్, అది గొడాల్ఫిన్ అరేబియన్ కొడుకు. అంటే రెండు గోత్రాలు ఆ ఒక్క గుర్రంలో కలిశాయి. డ్యూక్ పుట్టించిన హెరాడ్‌ది బయర్లీ టర్క్ వంశం. తరువాత హెరాడ్ కూతుళ్లను ఎక్లిప్స్ కొడుకులకు, ఎక్లిప్స్ కూతుళ్లను హెరాడ్ కొడుకులకు జత చేయడం ఆనాటి పెంపకందారులకు మేనరికంలా అలవాటైపోయింది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక అసంతృప్తి. ఈ మూడు తూర్పు గుర్రాలను కీర్తించేవారు, అవి వచ్చి కలిసిన ఇంగ్లండు ఆడగుర్రాల ఊసెత్తరు. పరుగుకు పేరున్న స్థానిక ఆడగుర్రాలు అక్కడ ముందే ఉన్నాయి. పిల్లలో సగం తల్లిదే అయినా, చాలా తల్లులకు పేరు కూడా లేక, ‘ఫలానా వారి ఆడగుర్రం’ అని యజమాని పేరుతోనే వంశావళిలో ఎక్కాయి.

ఆ వంశావళి పుస్తకమే అసలు మలుపు. ఎక్లిప్స్ తండ్రి మార్స్క్ కాదు, షేక్స్‌పియర్ అనే మరో గుర్రమని ఒక వాదం దాని జీవితకాలంలోనే బయలుదేరింది. వేల గినీలు చేతులు మారే చోట తండ్రి ఎవరో తేలకపోతే వ్యాపారం నిలవదు. జాకీ క్లబ్ లెక్కలు చూసే వెదర్‌బీ కుటుంబంలోని జేమ్స్ వెదర్‌బీ 1791లో ‘జనరల్ స్టడ్ బుక్’ తొలి ప్రతిని, 1793లో మొదటి సంపుటాన్ని అచ్చు వేయించాడు. మన పద్మనాభం యుద్ధానికి సరిగ్గా ఏడాది ముందు. ఆ పుస్తకంలో ఎక్కిన తల్లిదండ్రుల పిల్లే థరోబ్రెడ్, ఎక్కకపోతే ఎంత వేగంగా పరుగెత్తినా కాదు. తలుపు అలా మూసుకున్నాక, లోపల ఉన్నవాటిలో ఎక్కువ పిల్లలను కన్న గుర్రం గోత్రం తరతరానికీ పెరిగి, తక్కినవి అంతరించాయి. ఎక్లిప్స్ పిల్లల్లో పందేలు గెలిచినవే 344 అని లెక్క.

వాటిలో ఒకదాని పేరు నీకు నచ్చుతుంది. అబింగ్‌డన్ ఎర్ల్ లాయంలో పుట్టిన ఒక పిల్లకు పొటేటోస్, అంటే బంగాళాదుంపలు, అని పేరు పెట్టి, మేతతొట్టి మీద రాయమని లాయం కుర్రాడితో అంటే, చదువు అంతంతమాత్రమైన ఆ కుర్రాడు ‘పాట్’ అని రాసి, దాని పక్కన ఎనిమిది సున్నలు చుట్టాడట. ఇంగ్లీషులో బంగాళాదుంపల పలుకుబడిలోని చివరి భాగం ‘ఎయిట్ ఓస్’ అన్నట్టే వినబడుతుంది. యజమాని నవ్వి, ఆ పేరే ఉంచాడు. నేటి గుర్రాల్లో ఎక్కువ భాగం ఆ ఎనిమిది సున్నల గుర్రం ద్వారానే ఎక్లిప్స్‌ను చేరతాయి.

ప్రశ్న: డెర్బీ అనే పేరు ఊరిదా, మనిషిదా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: మనిషిది. పన్నెండవ డెర్బీ ఎర్ల్, ఆయన మిత్రుడు బన్‌బరీ కొత్త పందేనికి ఎవరి పేరు పెట్టాలో నాణెం ఎగరవేసి తేల్చుకున్నారని ప్రతీతి. ఎర్ల్ పేరు నిలిచింది, 1780లో మొదటి డెర్బీ మాత్రం బన్‌బరీ గుర్రం డయోమెడ్ గెలిచింది. అదే డయోమెడ్ ముసలితనంలో 50 గినీలకు అమ్ముడుపోయి, 1798లో అమెరికా చేరి, అక్కడి పందెపు గుర్రాల వంశానికి మూలమైంది. 21 ఏళ్ల గుర్రాన్ని ఓడ ఎక్కించి సముద్రం దాటించినవారి ధైర్యానికి దండం పెట్టాలి.

ప్రశ్న: మన విజయనగరం రాజావారి కుటుంబంలోని ‘విజ్జీ’ క్రికెట్ ఆడినట్టుగా, భారతీయ సంస్థానాధీశులు ఇంగ్లండు పందేల్లో నెగ్గారా? (ఒక పాఠకుడు, విజయనగరం కంటోన్మెంటు)

జవాబు: నెగ్గారు. 1934లో రాజ్‌పిప్లా మహారాజు గుర్రం విండ్సర్ ల్యాడ్ ఎప్సమ్ డెర్బీ గెలిచింది. సంస్థానం లేకపోయినా, ఇస్మాయిలీ ముస్లింల మతగురువు ఆగాఖాన్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆయన గుర్రాలు 1930 నుంచి 1952 లోపల అయిదుసార్లు ఆ పందెం గెలిచాయి. బరోడా మహారాజు 1945లో సయాజీరావ్ అనే పిల్లను 28,000 గినీలకు కొన్నప్పుడు, ఏడాది వయసు గుర్రానికి అంత ధర అంతకుముందు ఎవరూ పెట్టలేదు. అది 1947లో సెయింట్ లెజర్ అనే మరో పెద్ద పందెం గెలిచి డబ్బుకు న్యాయం చేసింది.

మీరు విజ్జీని తలచుకోవడం బాగుంది, ఎందుకంటే రెండు ఆటల్లోని ధనికులకు ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది. విజయానంద గజపతిరాజు కాశీలో ఉంటూ 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహామహులను రప్పించి తన జట్టు తరఫున ఆడించిన దాత. ఆ దాతృత్వం అక్కడితో ఆగి ఉంటే ఆయనకు ఇంకా మంచి పేరు మిగిలేది. 1936లో తానే నాయకుడై ఇంగ్లండు వెళ్లి, మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. జట్టులో అందరికన్నా బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో ఇంటికి పంపించిన పర్యటన అదే. గుర్రపు పందెంలో ఈ ప్రమాదం లేదు. ఎంత గొప్ప ప్రభువైనా 12 స్టోన్ల లెక్క దగ్గర దిగి, జీను మీద కూర్చునే పని తెలిసినవాడికే అప్పగించవలసిందే. మన ఊరి రాజకుమారుణ్ని తక్కువ చేసినట్టు ఎవరైనా నొచ్చుకుంటే మన్నించాలి. స్కోరు పుస్తకాన్ని మార్చడం నా వల్ల కాదు.

ప్రశ్న: గుర్రాల మీద పందెం కాయడం మన దేశంలో నేరమా? (పేరు రాయని పాఠకుడు, గజపతినగరం)

జవాబు: గుర్రపు పందెంలో అదృష్టం కన్నా నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని 1996లో సుప్రీంకోర్టు మద్రాసు గిండీ మైదానానికి సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. అనుమతి ఉన్న మైదానంలో, చట్టం ఒప్పుకున్న పద్ధతిలో కాసేదానికే ఆ తీర్పు వర్తిస్తుంది. మన ఊళ్లలో అమ్మవారి తీర్థాలప్పుడు జరిగే గుర్రాల పరుగుల దగ్గర తువ్వాళ్ల కింద చేతులు మారే డబ్బుకు అది వర్తించదు. పేరు రాయకపోవడాన్ని బట్టి ఆ సంగతి మీకూ తెలుసుననుకుంటాను.

ప్రశ్న: ఎక్లిప్స్ ఎలా చనిపోయింది? దాని గుండె చాలా పెద్దదని విన్నాను, అందువల్లనే గెలిచిందా? (పశువైద్య డిప్లొమా విద్యార్థిని, నరసన్నపేట)

జవాబు: అమ్మాయీ, కడుపుశూలతో చనిపోయింది, 1789 ఫిబ్రవరి 27న, పాతికేళ్లు నిండబోతుండగా. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదన్న సంగతి నువ్వు చదివే ఉంటావు. పేగు మెలిపడినా, మేత అడ్డుపడినా, గ్యాసు నిండినా పైకి దారి ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాత్రివేళ జట్కావాళ్లు తలుపు తట్టారంటే పదిలో ఎనిమిదిసార్లు కారణం శూలే. గొట్టం వేసి, నూనె పోసి, గుర్రాన్ని పడుకోనివ్వకుండా తెల్లవార్లూ నడిపించేవాళ్లం. ఎక్లిప్స్‌కు అప్పటికే డెక్కలు పాడై నడక కష్టమైంది. అంతకుముందు ఏడాది దాన్ని ఎప్సమ్ నుంచి కానన్స్ అనే చోటికి మార్చవలసి వచ్చినప్పుడు, ప్రత్యేకంగా బండి చేయించి, అందులో దాన్ని నిలబెట్టి, వేరే గుర్రాల చేత లాగించారు. దేశమంతటినీ వెనక్కి నెట్టిన గుర్రం చివరికి మామూలు బండిగుర్రాల వెనక వెళ్లింది.

శరీరాన్ని కోసి పరీక్షించినవాడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన పశువైద్యుడు షార్ల్ వియాల్ ద సాన్‌బెల్. గుండె బరువు 14 పౌన్లు, అంటే సుమారు 6.35 కిలోలు తూగింది. మామూలు థరోబ్రెడ్ గుండె నాలుగు నుంచి అయిదు కిలోల లోపు ఉంటుంది. 1930లో మెల్‌బోర్న్ కప్పు గెలిచిన ఫార్ ల్యాప్ గుండె కూడా ఇంచుమించు ఎక్లిప్స్ గుండె అంతే, దాన్ని కాన్‌బెరా మ్యూజియంలో భద్రపరిచారు. విశ్రాంతిలో నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే గుర్రం గుండె పరుగులో 200 దాటుతుంది. ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని తోసే గుండెకు ఆరున్నర కిలోమీటర్ల పరుగులో లాభం తప్పకుండా ఉంటుంది. దానికి తోడు గుర్రం ప్లీహం పరుగు వేళకు కుంచించుకుని, నిలవ ఉంచిన ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. అయితే గుండె ఒక్కటే గెలిపించిందని పరీక్షలో రాయకు. కాళ్ల పొందిక, ఊపిరితిత్తులు, అయిదేళ్ల దాకా ఆగిన ఓపిక అన్నీ ఉన్నాయి. సాన్‌బెల్ ఆ పొందికనే అంగుళాల్లో కొలిచి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో మొదటి పశువైద్య కళాశాల 1791లో మొదలైనప్పుడు దానికి తొలి ఆచార్యుడు ఆయనే. రెండేళ్లకే చనిపోయాడు. నువ్వు చదువుతున్న చదువుకు ఆ దేశంలో బీజం పడిన రోజుల్లో, బల్ల మీద ఉన్న గుర్రం ఎక్లిప్స్.

దాని అస్థిపంజరం ఇప్పుడు ఆ కళాశాలకు హెర్ట్‌ఫర్డ్‌షైరులో ఉన్న ఆవరణలో నిలబెట్టి ఉంది. వెంట్రుకలు, తోలు ముక్కలు ఎవరికి దొరికినవి వారు పట్టుకుపోయారు. ఎక్లిప్స్ డెక్కలమని పేరు చెప్పుకునేవి నాలుగు కన్నా ఎక్కువే ఉన్నాయంటే, పశువైద్యుడిగా నేను చేయగలిగిన వ్యాఖ్య ఏమీ లేదు. వాటిలో బంగారం పొదిగిన ఒక డెక్కను నాలుగవ విలియం రాజు 1832లో జాకీ క్లబ్‌కు బహూకరించాడు. ఓకెల్లీకి చచ్చేదాకా తెరవని ఆ తలుపులోంచి అతని గుర్రం కాలు ఒకటి లోపలికి వెళ్లి కూర్చుంది.